వైరులెన్స్‌ఫైండర్: షిగా విషం ఉపరకాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

పశువుల పేడ నుంచి, మాంసం దుకాణాల్లో కత్తులు, బల్లల మీద నుంచి ఈ.కొలై బ్యాక్టీరియాను వేరుచేసి పరీక్షించడం నా ఉద్యోగం. వాటిలో షిగా విషాన్ని తయారుచేసేవి ఏవో గుర్తించాలి, ఆ విషపు జన్యువు ఏ ఉపరకానిదో తేల్చాలి. రెండో పనికి నేను ఎక్కువగా ఆధారపడేది వైరులెన్స్‌ఫైండర్ మీద. కోపెన్‌హాగన్ పక్కనే లింగ్బీలో ఉన్న డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం దీన్ని ఉచితంగా నడుపుతోంది. బ్యాక్టీరియా జన్యుక్రమం ఉన్న ఫైలు ఎక్కిస్తే, అందులో రోగకారక జన్యువులు ఏమేం ఉన్నాయో పట్టికగా చూపిస్తుంది. సూక్ష్మజీవశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ దీన్ని వాడడం నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఆ పట్టికలో ఉపరకాన్ని సూచించే చివరి అక్షరాన్ని మాత్రం చూసి నివేదిక రాసేయకూడదన్నది అంతకన్నా గట్టి అభిప్రాయం.

ఆ అక్షరానికి అంత విలువ ఎందుకో ముందు చెప్పాలి. 1897లో జపాన్‌ను జిగట విరేచనాల మహమ్మారి పీడిస్తున్నప్పుడు కియోషి షిగా దానికి కారణమైన బ్యాక్టీరియాను కనిపెట్టారు. ఆయన పేరే తర్వాత విషానికీ వచ్చింది. దాదాపు అదే విషాన్ని కొన్ని ఈ.కొలై రకాలు కూడా తయారుచేస్తాయి. విషంలో 'ఏ' అనే భాగం ఒకటి, 'బీ' అనే భాగాలు ఐదు ఉంటాయి. బీ భాగాలు కణం పైపొరకు అతుక్కుంటాయి. 'ఏ' భాగం లోపలికి వెళ్లి, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లో ఒకే ఒక్క అడినీన్‌ను తెంచేస్తుంది. దాంతో కణం చచ్చిపోతుంది. ఆముదపు గింజలోని రైసిన్ చేసే పని కూడా సరిగ్గా ఇదే, తెంచే చోటు కూడా అదే. పాలమూరు, నల్లగొండ వైపు ఆముదం చేలు చూస్తూ పెరిగిన మా విద్యార్థులకు ఇది చెప్పినప్పుడు తరగతి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది.

ఈ.కొలైలో ఈ విషం రెండు పెద్ద తెగలుగా ఉంటుంది: ఎస్‌టీఎక్స్1, ఎస్‌టీఎక్స్2. పోలికలున్నా, ఒకదాని మీద పుట్టిన ప్రతిరక్షకాలు రెండోదాన్ని ఆపలేవు. మొదటి తెగలో ఏ, సీ, డీ అనే ఉపరకాలు, రెండో తెగలో ఏ నుంచి జీ వరకు ఉపరకాలు ఉన్నాయని 2012లో ఫ్లెమింగ్ షూట్స్ నాయకత్వంలో పలు దేశాల ప్రయోగశాలలు కలిసి ఒక నామకరణ పద్ధతిని స్థిరపరిచాయి. అంతకుముందు ఒకే జన్యువుకు ఒక్కో ప్రయోగశాల ఒక్కో పేరు పెట్టేది. ఆ గందరగోళం అక్కడితో చాలావరకు తీరింది.

ఉపరకాలన్నీ ఒకేలా ప్రమాదకరం కావు. రెండో తెగలోని 2ఈ పందుల్లో వాపు జబ్బు తెస్తుంది, 2ఎఫ్ పావురాల్లో ఎక్కువగా దొరుకుతుంది. 2ఏ మాత్రం పసిపిల్లల మూత్రపిండాలను దెబ్బతీసే హిమోలిటిక్ యురెమిక్ సిండ్రోమ్‌తో అన్నిటికన్నా గట్టిగా ముడిపడి ఉంది. ముందు రక్తవిరేచనాలు మొదలవుతాయి. కొన్ని రోజుల తర్వాత కొందరు పిల్లల్లో ఎర్రకణాలు చితికిపోతాయి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, మూత్రం ఆగిపోతుంది. ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి వేసిన నిపుణుల సంఘం 2018 నివేదికలో ప్రమాదాన్ని ఐదు మెట్లుగా విభజించింది. పేగు గోడకు అతుక్కోవడానికి తోడ్పడే ఈఏఈ లేదా ఏజీజీఆర్ జన్యువుతో కలిసి 2ఏ ఉంటే అది పై మెట్టు. రెండో మెట్టు 2డీ. ఆ తర్వాత ఈఏఈతో కలిసిన 2సీ, దాని కింద ఈఏఈతో కలిసిన 1ఏ, చివరికి మిగిలినవన్నీ. అంటే విషం ఉందా లేదా అన్న జవాబు సరిపోదు. ఏ అక్షరం, పక్కన ఏ జన్యువు అన్నది కూడా కావాలి.

2011లో జర్మనీలో జరిగింది దీనికి అన్నిటికన్నా బాధాకరమైన ఉదాహరణ. మే నెలలో మొదలైన ఆ ఉపద్రవంలో 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు, 800 మందికి పైగా మూత్రపిండాల సమస్యలోకి జారారు, 50 మందికి పైగా చనిపోయారు. మామూలుగా పిల్లలకు వచ్చే జబ్బు ఈసారి పెద్దవాళ్లను, అందులోనూ ఆడవాళ్లను ఎక్కువగా పట్టింది. మొదట స్పెయిన్ దోసకాయల మీద నింద పడింది, అక్కడి రైతులు దారుణంగా నష్టపోయారు. చివరికి తేలింది మొలకెత్తించిన మెంతులు. ఆ విత్తనాలు ఈజిప్టు నుంచి వచ్చినవి. బ్యాక్టీరియా ఓ104:హెచ్4 రకం, విషం ఎస్‌టీఎక్స్2ఏ. అందరూ వెతికే ఈఏఈ జన్యువు దానిలో లేదు, ఏజీజీఆర్ ఉంది. పేగు గోడ మీద గుంపుగా అతుక్కునే వేరే జాతి ఈ.కొలైలోకి 2ఏ విషాన్ని మోసే ఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్) చేరడం వల్ల పుట్టిన రకం అది. ఈఏఈ లేదు కాబట్టి ఫరవాలేదు అనుకునే ఏ పరీక్షా దాని ప్రమాదాన్ని పట్టుకోలేదు.

వైరులెన్స్‌ఫైండర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇక్కడే ఉంది. విషపు ఉపరకం, ఈఏఈ, ఏజీజీఆర్, ఇంకా ఎన్నో జన్యువులు ఒకే పట్టికలో వస్తాయి. ఒక్కో జన్యువుకు ఒక్కో పీసీఆర్ (ఎంచుకున్న జన్యువును మాత్రమే వెతికే పరీక్ష) పెట్టుకుంటూ పోతే, మనం అడగని ప్రశ్నకు జవాబు రాదు. ఇది అడగనివి కూడా చెబుతుంది. దీన్ని తయారుచేసినవాళ్లు 2014లో ప్రచురించిన పరిశోధనలోనే, డెన్మార్క్‌లో అనుమానిత రోగుల నుంచి వచ్చిన ఈ.కొలైని మామూలు పరీక్షలతోనూ, జన్యుక్రమంతోనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఆసుపత్రి ప్రయోగశాలలో రోజూ జరిగే పనికి పనికొస్తుందా అన్న ప్రశ్నతో మొదలైన సేవ కాబట్టే కావచ్చు, దీనిలో ఆడంబరం లేదు.

వాడడం సులువు. ఈ.కొలై డేటాబేస్ ఎంచుకోవాలి. సీక్వెన్సింగ్ యంత్రం నుంచి వచ్చిన ముడి రీడ్స్ (జన్యుక్రమపు విడి ముక్కలు) అయినా, వాటిని కలిపి కట్టిన అసెంబ్లీ అయినా ఎక్కించవచ్చు. అసెంబ్లీ ఇస్తే బ్లాస్ట్ పద్ధతిలో పోలుస్తుంది, ముడి రీడ్స్ ఇస్తే కేఎంఏ అనే పద్ధతిలో నేరుగా డేటాబేస్ జన్యువుల మీద పరుస్తుంది. ఫలితంలో జన్యువు పేరు, పోలిక శాతం, ఎంత పొడవు దొరికింది, ఏ కాంటిగ్‌లో (అసెంబ్లీలో తెగకుండా అతికిన ఒక్కో పొడవు ముక్క) ఏ స్థానంలో దొరికింది, ప్రోటీన్ చేసే పని ఏమిటి అన్న వివరాలు ఉంటాయి. ఆదేశాలు టైపు చేయడం రాని వైద్యకళాశాల విద్యార్థి కూడా వాడుకోవచ్చు. రోగుల నమూనాలైతే ఒక జాగ్రత్త: ఫైలు పేరులో రోగి పేరు, ఆసుపత్రి నంబరు ఉండకూడదు. మా ప్రయోగశాలలో దీన్ని నియమంగా గోడ మీద రాసి పెట్టాం.

ఇక జాగ్రత్తగా చదవాల్సిన చోటు. ఈ సేవ మామూలుగా 90 శాతం పోలిక, 60 శాతం పొడవు ఉంటే చాలు, జన్యువు ఉందని చూపిస్తుంది. తెలిసిన జన్యువుల కాస్త మారిన రూపాలను కూడా వెతకడానికి ఈ హద్దులు మంచివే. ఉపరకం తేల్చడానికి మాత్రం చాలా వదులు. ఎస్‌టీఎక్స్2 'ఏ' భాగపు జన్యువు 960 డీఎన్‌ఏ అక్షరాల పొడవు. 60 శాతం అంటే 576 అక్షరాలు దొరికితే చాలన్నమాట. ఒకే చోట డేటాబేస్‌లోని పలు జన్యువులు సరిపోలితే, అన్నిటికన్నా దగ్గరిదాన్ని చూపిస్తుంది. అది దగ్గరి చుట్టం పేరు కావచ్చు, దాని సొంత పేరు కాకపోవచ్చు. పోలిక 100 శాతం, పొడవు పూర్తిగా ఉంటే ఆ అక్షరాన్ని నిశ్చింతగా రాసుకోవచ్చు. 99 శాతం దగ్గర ఆగితే, ఆ జన్యువును అమైనో ఆమ్లాలుగా, అంటే ప్రోటీన్‌ను కట్టే ఇటుకల వరుసగా, అనువదించి స్వయంగా చూడాలి. ఎందుకంటే 2012 నామకరణం ఉపరకాలను విడదీసేది అమైనో ఆమ్లాల ఆధారంగా.

2ఏ, 2సీ, 2డీ మధ్య ఎంత సన్నని గీత ఉందో చూడండి. పరిణత బీ భాగంలో (మొదట్లోని సంకేతపు ముక్క ఊడిపోయాక మిగిలే రూపంలో) 16వ, 24వ స్థానాల్లో 2ఏకు ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటుంది. 2సీలో ఆ రెండు చోట్ల ఆస్పరజీన్, అలనీన్ ఉంటాయి. 2డీలో? అవే ఆస్పరజీన్, అలనీన్. బీ భాగం చూసి 2సీని 2డీ నుంచి విడదీయలేం. తేడా ఏ భాగంలో ఉంది, అదీ దాని చివరి అంచులో: 291వ స్థానంలో సెరీన్, 297వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉంటే, పేగు జిగురులోని ఎలాస్టేజ్ ఎంజైమ్ చివర రెండు అమైనో ఆమ్లాలను కత్తిరించి 2డీ విషాన్ని ఇంకా తీవ్రం చేయగలదు. పరిణత 'ఏ' భాగం మొత్తం పొడవే 297 అమైనో ఆమ్లాలు. అంటే నిర్ణయించే స్థానాలు జన్యువు తోక కొసన ఉన్నాయి. కాంటిగ్ అక్కడికి కాస్త ముందే తెగిపోతే పట్టికలో 95 శాతం పొడవు, 100 శాతం పోలిక అని ముచ్చటగా కనిపిస్తుంది. మనకు కావాల్సిన రెండు స్థానాలు మాత్రం అందులో ఉండవు. 2డీ అంటే ప్రమాదంలో రెండో మెట్టు, ఈఏఈ తోడు లేని 2సీ అంటే అట్టడుగు మెట్టు. దొరకని 5 శాతం మీద ఇంత ఆధారపడి ఉంటుంది. అందుకే మా విద్యార్థులకు నేను మొదట నేర్పేది పొడవు గడిని, కాంటిగ్ స్థానాన్ని చదవడం. జన్యువు కాంటిగ్ అంచుకు ఆనుకుని ఉంటే ఆ వరుస పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టమంటాను.

రెండో చిక్కు ఇంకా లోతైనది. షిగా విషపు జన్యువులు బ్యాక్టీరియా సొంత ఆస్తి కాదు, లాంబ్డా జాతి ఫేజ్‌లు తెచ్చి పెట్టినవి. ఒకే బ్యాక్టీరియాలో ఇలాంటి ఫేజ్‌లు చాలా ఉండవచ్చు. ఓ157:హెచ్7 అనే ఈ.కొలై రకంలో 2ఏ, 2సీ రెండూ కలిసి ఉండడం అరుదేమీ కాదు. పొట్టి రీడ్స్‌తో అసెంబ్లీ కట్టినప్పుడు, ఈ రెండు నకళ్లూ దాదాపు ఒకేలా ఉండడం వల్ల సాఫ్ట్‌వేర్ తడబడుతుంది. పెళ్లికొడుకు పేరు ఒక్కటే తేడాగా ఉన్న రెండు శుభలేఖలను చింపి కలిపేసి, మళ్లీ అతికించమంటే ఒకే శుభలేఖ తయారుకావచ్చు, అందులో పేరు సగం ఒకరిది సగం ఇంకొకరిది కావచ్చు. ఇక్కడ జరిగేదీ అంతే. ఇది వైరులెన్స్‌ఫైండర్ లోపం కాదు, దానికి మనం ఇచ్చే ముడిసరుకు లోపం. కానీ దాని పట్టికలో ఈ హెచ్చరిక కనిపించదు. ఒకే వరుస వస్తే ఒకే నకలు ఉందని చదివేవాళ్లు అనుకుంటారు.

మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఒక దూడ నుంచి వచ్చిన రకం మీద పని చేస్తూ, "మేడమ్, ఏ భాగం 2ఏ అంటోంది, బీ భాగం 2సీ అంటోంది. ఏది రాయమంటారు?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. ఏ, బీ భాగాలకు వేర్వేరు అక్షరాలు వచ్చాయంటే రెండు నకళ్లు కలిసిపోయి ఉంటాయన్న అనుమానం రావాలి. ముడి రీడ్స్‌ను మళ్లీ అదే సేవకు ఇచ్చి చూసింది, అనుమానం బలపడింది. తర్వాత నానోపోర్ యంత్రం మీద పొడవు రీడ్స్ తీయించాం. ఒక రీడ్ ఫేజ్ మొత్తాన్ని దాటేసి పోతుంది కాబట్టి, ఏ నకలు ఎక్కడుందో తేటతెల్లమైంది: రెండు ఫేజ్‌లు, వేర్వేరు చోట్ల, ఒకదానిలో 2ఏ, రెండోదానిలో 2సీ. ఆ అమ్మాయి పట్టికను చూసి ఊరుకోకుండా అడిగినందుకు నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. ముడి రీడ్స్, అసెంబ్లీ రెండింటినీ ఎక్కించి ఫలితాలను పక్కపక్కన పెట్టడం అప్పటి నుంచి మా పద్ధతి. కాస్త ఎక్కువ సమయం పడుతుంది, పడనివ్వండి.

ముడిసరుకు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. సీక్వెన్సింగ్‌ను బయటి సంస్థలకు ఇచ్చే ప్రయోగశాలలు మన దగ్గర చాలా ఉన్నాయి, మాదీ అంతే. ఒక సంస్థ మాకు పంపిన ఫైళ్లలో కొన్ని రకాలకు రీడ్స్ చాలా పలచగా వచ్చాయి, నివేదిక కాగితం మీద మాత్రం అంతా బాగుందనే రాశారు. అలాంటి ఫైలు ఇస్తే ఎంత మంచి సేవ అయినా ముక్కలైన జన్యువులనే చూపిస్తుంది. డబ్బు చెల్లించే ముందు, జన్యుక్రమం ప్రతి స్థానాన్నీ సగటున ఎన్ని రీడ్స్ కప్పుతాయో రాతపూర్వకంగా అడగండి.

పాత పద్ధతి అయిన ఉపరకాల పీసీఆర్‌ను నేను వదిలేయలేదు. 2012 పద్ధతిలో ఒక్కో అక్షరానికి విడిగా ప్రైమర్లు (జన్యువుకు అతుక్కుని దాన్ని పట్టించే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఉంటాయి. చవక, ఆ రోజే ఫలితం. కానీ 2ఏ, 2సీ, 2డీ ప్రైమర్లు ఒకదాని జన్యువును ఇంకొకటి పట్టుకునే ప్రమాదం ఉంది. ప్రైమర్లు అతుక్కునే అనీలింగ్ ఉష్ణోగ్రతను మన యంత్రానికి సరిపడేలా 64, 66 డిగ్రీల మధ్య సరిచూసుకోకపోతే, ఒకే రకానికి మూడు గీతలు వచ్చి కూర్చుంటాయి. రెండు నకళ్లున్న అనుమానం వచ్చినప్పుడు మాత్రం పీసీఆరే ముందుగా దారి చూపిస్తుంది, ఎందుకంటే అసెంబ్లీ తడబాటు దానికి అంటదు.

అమెరికా ప్రభుత్వ జన్యు సమాచార కేంద్రమైన ఎన్‌సీబీఐ 2024లో విడుదల చేసిన స్టెక్స్‌టైపర్ అనే ప్రోగ్రాముతో పోలిక ఇక్కడ చెప్పక తప్పదు. అది ఈ ఒక్క విషం కోసమే తయారైంది. ఏ, బీ భాగాలను కలిపి ఒక ఆపెరాన్‌గా (కలిసి పనిచేసే పక్కపక్క జన్యువుల జట్టుగా) చూస్తుంది, అమైనో ఆమ్లాల స్థాయిలో ఉపరకాన్ని నిర్ణయిస్తుంది. జన్యువు పూర్తిగా ఉందా, కాంటిగ్ అంచులో తెగిందా, మధ్యలో అక్షరం చేరో పోయో చదివే చట్రం తప్పిందా, ముందే ఆగిపోయే సంకేతం ఉందా అన్నది ప్రతి వరుసలో విడిగా చెబుతుంది. అంటే నేను ఎర్ర సిరాతో పెట్టమనే గుర్తు అది తానే పెడుతుంది. ఉపరకం అక్షరం విషయంలో రెండింటికీ తేడా వస్తే నేను స్టెక్స్‌టైపర్ వైపే మొగ్గుతాను. కానీ దానికి అసెంబ్లీ కావాలి, ఆదేశాలు టైపు చేయడం రావాలి. పక్కన ఈఏఈ, ఏజీజీఆర్ ఉన్నాయో లేవో అది చూడదు. మొదటి చూపుకు వైరులెన్స్‌ఫైండర్, అక్షరం ఖాయం చేయడానికి స్టెక్స్‌టైపర్. ప్రస్తుతం మా బల్ల మీద ఇదే వరుస.

కొత్త ఉపరకాలు వస్తూనే ఉన్నాయి. 2018లో చైనా శాస్త్రవేత్తలు టిబెట్ పీఠభూమిలోని మార్మోట్ అనే ఉడుత జాతి జంతువుల నుంచి 2హెచ్‌ను ప్రకటించారు. 2020లో చైనా నుంచే 2కే వచ్చింది. ఆ తర్వాత ఇంకొన్ని అక్షరాలు చేరాయి. డేటాబేస్‌లో లేని ఉపరకం ఎదురైతే వైరులెన్స్‌ఫైండర్ దగ్గరి పాత పేరునే చూపించే అవకాశం ఉంది. అందుకే నివేదికలో డేటాబేస్ ఏ తేదీదో రాయడం మానకండి. పశువుల్లో ఏ అక్షరాలు తిరుగుతున్నాయో మన దేశంలో వెతికినవాళ్లు తక్కువ. 98 శాతం పోలిక వచ్చిన వరుసను "దాదాపు 2సీ" అని పక్కన పడేస్తే, మన గేదెలలోనే ఉన్న కొత్త ఉపరకం ఎప్పటికీ మన కళ్లబడదు. నాకు ఈ విషయంలో నిజంగా ఆత్రుత ఉంది.

పట్టిక చెప్పనివి కూడా కొన్ని ఉన్నాయి. జన్యువు ఉందంటే విషం తయారవుతోందని కాదు, ఎంత తయారవుతోందో అసలే తెలియదు. వీరో కణాల (ప్రయోగశాలలో పెంచే కోతి మూత్రపిండ కణాల) మీద పరీక్షో, విషాన్ని పట్టే ఎలైజానో విడిగా చేయాలి. ఇంకో వైపు, ఫేజ్ ఊడిపోతే విషపు జన్యువు కూడా దానితోపాటే పోతుంది. రోగి నుంచి వచ్చిన రకాన్ని పదేపదే కొత్త ప్లేట్ల మీదికి మార్చి, ఆఖరి ప్లేటు నుంచి సీక్వెన్సింగ్‌కు పంపితే "విషం లేదు" అని రావచ్చు. తొలి కల్చర్‌ను గడ్డకట్టించి దాచుకోవడం తప్పనిసరి. ఈ ఫేజ్‌లు నిద్ర లేచేది బ్యాక్టీరియా డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులు ఆ పని చేస్తాయని, విషం ఉత్పత్తి పెరుగుతుందని ప్రయోగశాలల్లో రుజువైంది. రక్తవిరేచనాలకు డాక్టరుకు చూపించకుండా మందుల దుకాణంలో ఆ మాత్రలే అడిగి తెచ్చుకునే అలవాటు మన ఊళ్లలో ఎంత ఉందో తెలిసినదాన్ని కాబట్టి, ఇది చెప్పకుండా ముందుకు పోలేను.

పేడ నమూనా కోసం వెళ్లినప్పుడు ఒక పాడి రైతు అడిగారు: "అమ్మా, మా దూడ చక్కగా గంతులేస్తోంది కదా, దానికి జబ్బేమిటి?" నిజమే, దూడకు ఏమీ కాదు. విషం అతుక్కునే గ్రాహకం పశువుల పేగు రక్తనాళాల్లో ఉండదు. అందుకే అవి ఆరోగ్యంగా ఉంటూనే బ్యాక్టీరియాను పేడలో వదులుతుంటాయి. కొట్టంలో పని చేసి చేతులు సబ్బుతో కడుక్కోవడం, పాలు కాచి తాగడం, పసిపిల్లలను పేడ దగ్గర ఆడుకోనివ్వకపోవడం ఆయనకు చెప్పి వచ్చాను. 2ఏ, 2సీ గొడవ ఆయనకు అక్కర్లేదు, ఆ గొడవ తేల్చాల్సింది మేము.

ఇంటర్నెట్ నెమ్మదిగా ఉండే జిల్లా కళాశాలలవాళ్లకు ఒక సూచన. ముడి రీడ్స్ ఫైళ్లు పెద్దవి, ఎక్కించడానికి చాలాసేపు పట్టవచ్చు. వైరులెన్స్‌ఫైండర్ ప్రోగ్రామును, డేటాబేస్‌ను కూడా బహిరంగంగానే ఉంచారు. లైనక్స్ ఉన్న మామూలు కంప్యూటర్‌లో దించుకుని వాడుకోవచ్చు, రుసుము లేదు. హద్దులను కూడా మన చేతిలోకి తీసుకోవచ్చు. నేను ఉపరకాల కోసం పోలికను 98 శాతానికి, పొడవును 95 శాతానికి పెంచి ఒకసారి, వాళ్ల మామూలు హద్దులతో ఇంకోసారి నడుపుతాను. రెండోసారి వచ్చి మొదటిసారి రాని వరుసలన్నిటినీ చేత్తో విప్పి చూస్తాను. ఆ సేవను నడిపేవాళ్లను ఒక్కటి కోరుకుంటాను: జన్యువు కాంటిగ్ అంచున తెగిపోయినప్పుడు, ఏ, బీ భాగాల అక్షరాలు కలవనప్పుడు, ఆ వరుస పక్కనే ఒక హెచ్చరిక పెట్టండి. వెబ్ పేజీ వాడేవాళ్లలో చాలామంది ఎర్ర సిరా కలం పట్టుకుని కూర్చోరు.